తునికాకు కూటమి

తెలుగూ హిందీ గోండీ కలిసే సరిహద్దు ఊరు తర్లగూడ. అక్కడి జీపు స్టాండులో ఉపేంద్రను ఎవరూ పేరు పెట్టి పిలవరు. సైన్సు అంటారు. "సైన్సు జీపు ఎప్పుడు కదుల్తది?" అని అడుగుతారు. జగదల్‌పూర్‌లో ఫిజిక్సు చదివి, రెండేళ్ళు ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెట్టి, చివరికి మామ ఉప్పలయ్య దగ్గరున్న పాత జీపు తీసుకుని బీజాపూర్ రోడ్డు మీద తిప్పుకుంటున్న మనిషి. కాలేజీ నుంచి అతను తెచ్చుకున్నది పట్టా కాదు, ఒక అలవాటు. కనిపించిన ప్రతిదాన్నీ కొలిచి నోటుబుక్కులో రాసుకోవడం. టైర్లలో గాలి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ గుంత ఎంత లోతు, అన్నీ అందులో ఉంటాయి.

కూతురు దుర్గాభవాని పుట్టాక ఆ నోటుబుక్కు పూర్తిగా పాపదైపోయింది. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని నిమిషాలు పడుకుంది, తుమ్ములు ఎన్ని. మొదటి నెలలోనే మూడు థర్మామీటర్లు కొన్నాడు. రెండు వేర్వేరుగా చెబితే మూడోది తీర్పు చెప్పాలి కదా అని.

పాపకు పది నెలలు నిండుతుండగా ఆ నోటుబుక్కులో ఒక పేజీ అతన్ని పట్టి పీడించడం మొదలుపెట్టింది.

హారన్, పది అడుగుల దూరం, స్పందన లేదు.
హారన్, మూడు అడుగుల దూరం, స్పందన లేదు.
స్టీలు పళ్ళెం మీద గరిటె, స్పందన లేదు.
మామ కేక, స్పందన లేదు. (పక్కింటి మేక పారిపోయింది.)

వాళ్ళ ఇల్లు స్టాండుకు ఆనుకునే ఉంటుంది. జీపుల పొగ వంటింట్లోకి వస్తుంది. అంత రొద మధ్య పాప హాయిగా బొటనవేలు చప్పరిస్తూ పడుకుంటుంది. ఒక్కసారి కూడా తల తిప్పి చూడదు. "పిల్లకు నిద్ర ఎక్కువ, నీకు తక్కువ. గంతే," అంది భార్య నాగలక్ష్మి. కానీ ఆమె కూడా పాప వెనక నిలబడి గాజులు గలగలలాడించి చూడటం ఉపేంద్ర రెండుసార్లు గమనించాడు.

ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త సోమి ఒక చీటీ రాసిచ్చింది. చెవుల డాక్టరమ్మ రాయపూర్ నుంచి దంతెవాడకు మూడు నెలలకోసారి వస్తుంది. వచ్చే గురువారం, పన్నెండు గంటల వరకే. తప్పితే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. మూడు నెలలంటే పాప బతికిన కాలంలో దాదాపు మూడో వంతు అని ఉపేంద్ర లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క వేసుకోకుండా ఉండాల్సింది.

గురువారం పన్నెండు లోపు దంతెవాడ చేరాలి. జీపులున్న ఇంట్లో అదేం పెద్ద పని కాదు. కానీ అప్పటికే తునికాకు కూటమి పుట్టి రెండు నెలలైంది.

*

తర్లగూడ జీపులకు గడియారంతో పని లేదు. పది తలకాయలు నిండితే జీపు కదులుతుంది, నిండకపోతే కదలదు. తలకాయలు లెక్కపెట్టేది ఉప్పలయ్య. ముప్పై ఏళ్ళుగా అదే అతని పని. పది నిండగానే జీపు వెనక రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. ఆ దెబ్బలు పడితేనే డ్రైవర్ గేరు వేస్తాడు. స్టాండులో మూడు జీపులు. ఉపేంద్రది, రాజేశ్వరరావుది, వికాస్‌ది. ఒకదాంట్లో నలుగురు, ఇంకోదాంట్లో ముగ్గురు, మూడోదాంట్లో ఇద్దరు ఎక్కి కూర్చుంటారు. ఏదీ నిండదు, ఎవరూ దిగరు. పగబట్టిన పాలివాళ్ళలా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ మధ్యాహ్నం దాకా అలాగే ఉంటారు.

అలాంటి ఒక మధ్యాహ్నం కిరందుల్ గనుల్లో పనిచేసే భానుప్రసాద్ కారు అక్కడ చెడిపోయింది. యంత్రాల ట్రైనింగ్ కోసం హైదరాబాద్ వెళ్ళి, అక్కడి నుంచి విమానంలో సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా పోతున్నాడు. మెకానిక్ వచ్చేదాకా టీ బల్ల మీద కూర్చుని టికెట్ తీసి చూసుకుంటుంటే ఉపేంద్ర కూడా తొంగిచూశాడు.

"ఏంది సార్, పైన ఒక కంపెనీ పేరుంది, కింద ఇంకోటుంది?"

"కోడ్‌షేర్ అంటారండీ దాన్ని. టికెట్ అమ్మేది వీళ్ళు, విమానం వాళ్ళది. పైన ఎగిరేది ఒక్కటే, దానికి నంబర్లు మూడు. మూడు కంపెనీలూ తలా ఇన్ని సీట్లు అమ్ముకుంటాయి. విమానం నిండుతుంది, ఖాళీగా మూడు ఎగరక్కర్లేదు."

ఉపేంద్ర నోటుబుక్కు తీశాడు. "మూడు నంబర్లకు ఒక్కటే బండి?"

"అంతే. అలాంటి కంపెనీలు పది, ఇరవై కలిసి కూటమి కడతాయండీ. సామాను ఇక్కడ ట్యాగ్ కట్టి ఇచ్చేస్తే చివరి ఊళ్ళో తీసుకోవడమే. మొదటిది లేటైతే తర్వాతదాంట్లో ఎక్కించే పూచీ కూడా వాళ్ళదే."

"మరి నిజంగా నడిపేటోడు ఎవరో టికెట్ మీద ఉండదా?"

"ఎందుకుండదూ? ఇదిగో, అడుగున, చిన్న అక్షరాల్లో."

పక్కనే బీడీ కాలుస్తున్న ఉప్పలయ్య మెడ చాచి చూశాడు. "సదవొద్దనే గంత చిన్నగ రాసిన్రు," అన్నాడు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరక్కుండా కూటమి ఏర్పడింది. అందరికీ తెలిసిన బీడీ ఆకని తునికాకు గుర్తు పెట్టుకున్నారు. రాజేశ్వరరావు మూడు జీపుల తలుపుల మీదా ఆకుపచ్చ రంగుతో బొమ్మ వేశాడు. "గిది ఆకా, నాలికా?" అని అడిగింది రోజూ ప్రయాణం చేసే భద్రమ్మ. ఉపేంద్ర జీపుకు ఉ-101, రాజేశ్వరరావు జీపుకు రా-207, వికాస్ జీపుకు వి-303. బీజాపూర్ నుంచి దంతెవాడకు జీపు నడిపే మాసా కూడా చేరాడు, మా-404. టీ కొట్టు పక్కన పెద్ద పలక వేలాడదీశారు. ఒక జీపు నడిస్తే చాలు, దాని మీద మూడు నంబర్లూ పోతాయి.

నిజం చెప్పాలంటే, మొదట్లో అద్భుతంగా నడిచింది. జీపు పావుగంటలో నిండేది. ఉప్పలయ్య తెలుగులో, హిందీలో, గోండీలో, దోర్లీలో "ఉ-101, రా-207, వి-303, తలుపులు మూస్తున్నం" అని కేకేసేవాడు. జీపుకు వెనక తలుపే లేదని ఎవరికీ గుర్తు రాలేదు. జనం నియమాలన్నీ నేర్చుకున్నారు. కొంచెం ఎక్కువే నేర్చుకున్నారు. ఉ-101 టికెట్ ఉన్నవాడి పక్కన కూర్చోనని రా-207 టికెట్ ఉన్నవాడు ఒకరోజు భీష్మించాడు. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే ఊరు, ఒకే తల్లి.

తర్వాత్తర్వాత ముగ్గురు డ్రైవర్లకూ ఒక కొత్త సంగతి బోధపడింది. జీపు ఇంటి దగ్గరే ఉన్నా, తాను పొలంలోనో మంచంలోనో ఉన్నా, తన నంబరు మాత్రం పలక మీద బీజాపూర్ వెళ్ళి వస్తోంది. ఆ సుఖానికి అలవాటు పడ్డారు. పలక మీద రోజుకు తొమ్మిది సర్వీసులు కనిపించేవి. రోడ్డు మీద మాత్రం మూడు, పోను పోను రెండే. ఉపేంద్ర నోటుబుక్కులో "కూటమి సామర్థ్యం పెరుగుతోంది" అని రాసుకుని కింద గీత గీశాడు.

*

బుధవారం సాయంత్రం నాగలక్ష్మి తేల్చి చెప్పింది. "రేపు నువ్వు డ్రైవర్‌వి కాదు, తండ్రివి. స్టీరింగ్ ఇడిసిపెట్టి నా పక్కన కూసో. బిడ్డను పట్టుకో."

ఉపేంద్ర ఒప్పుకున్నాడు. తన జీపు తీయకుండా ఉ-101ని రా-207 మీద వేసి, పాప డాక్టరు సంగతి కూడా రాసి కూటమి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ సాయంత్రం గ్రూపులో ఇంకా ఏవో రెండు మెసేజ్‌లు వచ్చాయి. అప్పుడతను పాప సంచి సర్దుతున్నాడు. థర్మామీటర్లు మూడూ పెట్టాలా, రెండు చాలా అని తేలడం లేదు. చూడకుండానే రెండిటికీ బొటనవేలు గుర్తు కొట్టాడు. మర్నాటి సామానుకు ట్యాగులు రాయాలని కూడా గుర్తొచ్చింది. మనసంతా దంతెవాడలోనే ఉండటం వల్ల అన్నిటి మీదా దంతెవాడ అనే రాశాడు.

గురువారం పొద్దున ఐదింటికి స్టాండులో భద్రమ్మతో కలిపి ఆరుగురు ప్రయాణికులున్నారు. భద్రమ్మ బీజాపూర్‌లో కూతురింటికి పోతోంది. చంకలో గంప, గంపలో ఎర్ర కోడిపెట్ట, కోడి కాలికి ట్యాగు. పలక మీద ఐదింటికి మూడు సర్వీసులున్నాయి. స్టాండులో ఒక్క జీపూ లేదు.

ఐదున్నరకు ఉపేంద్ర ఫోన్ తీశాడు.

"రావు సాబ్, యాడున్నరు?"

"చెర్లల ఉన్న, మా బామ్మర్ది పెండ్లి. ఏంది ఉపేంద్రా పొద్దుగాల్నే?"

"మీ 207 రాలే ఇంకా!"

"నడుస్తుంది గద? నేను దాన్ని వికాస్ 303 మీద ఏసిన. గ్రూపుల పెట్టిన. నువ్వే బొటనేలు కొట్టినవ్."

వికాస్ ఏడోసారికి ఎత్తాడు. గొంతులో ఇంకా దుప్పటి ఉంది. "303నా? అన్నా, దాన్ని నీ 101 మీదనే ఏసిన గద. నీ జీపంటే నాకు నమ్మకం అన్నా. దానికి కూడా నువ్వే బొటనేలు కొట్టినవ్."

ఉపేంద్ర ఫోన్ దించాడు. 101 పోయి 207 మీద ఉంది. 207 పోయి 303 మీద ఉంది. 303 వచ్చి 101 మీద ఉంది. ఇలాంటిది కాలేజీ ల్యాబులో ఒకసారి చూశాడు. తీగ గుండ్రంగా చుట్టి ఉంది, బల్బు ఉంది, స్విచ్చు ఉంది. బ్యాటరీ పెట్టడం మాత్రం మరిచిపోయారు. ఆ ప్రయోగం చేసింది కూడా తనే.

"ఆకాశంల పోయేటోళ్ళకు గూడ గిట్లనే అయితదా?" అంది నాగలక్ష్మి, పాపను భుజం మార్చుకుంటూ.

"వాళ్ళకు కనీసం ఒక ఇమానం ఉంటది," అన్నాడు ఉప్పలయ్య.

ఉపేంద్ర ఇంటి వెనక్కి పరుగెత్తి టార్పాలిన్ లాగేసి తన జీపు తెచ్చి నిలబెట్టాడు. ఎక్కండి ఎక్కండి అని తొందరపెట్టాడు. ఎవరూ కదల్లేదు.

"నాది 207," అంది భద్రమ్మ టికెట్ చూపిస్తూ. "గిది 101."

"రెండూ ఒకటే పెద్దమ్మా!"

"ఒకటే అయితే రెండు నంబర్లెందుకు రాసినవ్ కొడకా? మొన్న మా మరిది తప్పు నంబర్ల ఎక్కిండని దింపలే నువ్వు?"

దింపాడు, నిజమే. ఉపేంద్ర టీ కొట్లోంచి సున్నం తెచ్చి ముందు అద్దం మీద మూడు నంబర్లూ రాశాడు. ఎదురుగా రోడ్డు చూడటానికి రెండు సున్నాల మధ్య సందు మిగిలింది. అప్పుడు ఎక్కారు. టైము ఆరు పది.

ఉప్పలయ్య వెనకకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. "ఆరు తలకాయలు," అన్నాడు.

"మామా, పోవాలె! పన్నెండు దాటితే మూడు నెలలు!"

"తెలుసు. గని ముప్పై ఏండ్లల్ల పది లేంది కొట్టలేదు అల్లుడా. చెయ్యి లేస్తలేదు."

తమాషా ఏమిటంటే ఉపేంద్ర కాలు కూడా లేవలేదు. ఇంజన్ ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పగలడు. దానికీ మామ అరచేతికీ సంబంధం లేదని అతనికి తెలుసు. అయినా ఆ దెబ్బలు పడనిదే పాదం క్లచ్ మీది నుంచి రావడం లేదు.

ఉప్పలయ్య జీపులోకి తొంగిచూశాడు. మనవరాలు తల్లి ఒళ్ళో బొటనవేలు చప్పరిస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఆరు. నా బిడ్డ నాగలక్ష్మి, ఏడు. చిన్నపిల్లను ఎప్పుడూ లెక్కల పట్టం గని, డాక్టర్ చీటి మీద పేరున్నది. ఎనిమిది. డ్రైవర్‌ను లెక్కల పట్టం. గని నువ్వు రాత్రి టికెట్ రాసుకున్నవ్ గద?"

"రాసుకున్న."

"టికెట్ ఉన్న ఉపేంద్ర, తొమ్మిది." ఇంక ఎవరూ మిగల్లేదు. అతను జీపంతా కలియచూశాడు. గంప మీద చూపు ఆగింది. "ట్యాగు కట్టిన కోడి. పది."

దబ్, దబ్. జీపు కదిలింది. రేకు మీద అంత దెబ్బ పడినా పాప తల తిప్పలేదు. అద్దంలో ఉపేంద్ర అది చూశాడు.

*

బీజాపూర్ చేరేసరికి ఎనిమిదిన్నర. మాసా తొమ్మిది మంది ఎక్కిన జీపు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడింటి నుంచి అలాగే ఉన్నాడట.

"ఇంకా పోలేదా మాసా?" ఉపేంద్ర జీపు దిగుతూనే అడిగాడు.

"టికెట్ మీద ఏం రాసినవ్ భయ్యా? తర్వాత జీపు ఆగుతుంది, పూచీ మాది అన్నవ్. రాసినంక ఆగాలె గద." కూటమి నియమాలను మొదటి నుంచి చివరి దాకా చదివిన ఏకైక సభ్యుడు అతను. అదే అతనితో చిక్కు కూడా. భద్రమ్మ దిగి గంప అందుకోబోతే అడ్డుపడ్డాడు. "అమ్మా, ట్యాగు చూడు. దంతెవాడ. ఈ సామాను నేను దంతెవాడలనే ఇస్త."

"నా కోడిరా అది! నా బిడ్డ మసాలా నూరి కూసున్నది!"

"నియమం నియమమే అమ్మా."

కొట్లాటకు టైము లేదు. తన జీపు అక్కడే వదిలి, ఉపేంద్ర భార్యా పాపలతో మాసా జీపెక్కాడు. భద్రమ్మ తిట్లు దుమ్ములో వెనకబడిపోయాయి. కోడి దంతెవాడ బయలుదేరింది.

జీపు ఎందుకు ఆగిందో మాసా తన ప్రయాణికులకు ముందే చెప్పి ఉంచాడు. గంటన్నర కూర్చున్న కోపమంతా వాళ్ళకు పాప చెవుల మీద ఆసక్తిగా మారిపోయింది. ఒకామె హల్బీలో పిలిచింది. ఒక ముసలాయన గోండీలో పిలిచి చప్పట్లు కొట్టాడు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన హిందీలో "ఏ గుడియా" అని టిఫిన్ డబ్బా మోగించాడు. నాగలక్ష్మి తెలుగులో పిలిచింది. మాసా రెండు మలుపులకోసారి హారన్ కొట్టి "ఇప్పుడు?" అని అడిగాడు.

"నాలుగు భాషలల్ల జవాబు లేదు," అన్నాడు ముసలాయన విచారంగా. ఉపేంద్ర నోటుబుక్కు తీయబోతే నాగలక్ష్మి దాన్ని లాక్కుని దాని మీద కూర్చుంది.

దంతెవాడలో ఆస్పత్రి ముందు జీపు ఆగేసరికి పదకొండూ నలభై. తొమ్మిది మందీ దిగి దారి చేశారు. ఉపేంద్ర పాపను ఎత్తుకుని పరుగెత్తుతుంటే వెనక నుంచి మాసా గంపతో వచ్చి చేతికి తగిలించాడు. "దంతెవాడ వచ్చింది. సామాను అప్పజెప్పిన. సంతకం పెట్టు." ఉపేంద్ర సంతకం పెట్టాడు.

డాక్టర్ ఇంద్రాణి తెలుగువాళ్ళు చాలామంది ఉండే గనుల ఊరు బచేలీలో పెరిగిన మనిషి. పాప పేరు చూసి తెలుగులోనే పలకరించింది. ఉపేంద్ర నిలబడే నోటుబుక్కు తెరిచి పేజీ అంతా చదివి వినిపించాడు. హారన్, పళ్ళెం, మామ కేక, మేక.

"ప్రయోగాలన్నీ ఎక్కడ చేశారండీ?"

"మా ఇంట్ల మేడమ్. జీపు స్టాండ్ పక్కనే."

"పాప పుట్టినప్పటి నుంచీ అక్కడేనా?"

"అవును మేడమ్."

ఆమె లేచి తలుపు మూసింది. కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. "ఇప్పుడు రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు," అంది.

పాప బొటనవేలు నోట్లోంచి తీసింది. కళ్ళు పెద్దవి చేసి ఇటూ అటూ చూసింది. పుట్టిన ఈ పది నెలల్లో మొదటిసారి ఏదో పోయినట్టు వెతుక్కుంది. డాక్టరమ్మ పాప వెనక్కి వెళ్ళి ఒక పల్చటి కాగితం తీసి నలపబోయింది. ఆమె వేళ్ళు ఇంకా కదలకముందే బల్ల కింద గంపలోంచి చిన్నగా, నిద్రమత్తుగా, "క్కొ" అని వినిపించింది.

పాప తల తిప్పింది. నేరుగా గంప వైపు.

"క్కొక్కొ," అంది కోడి. పాప వంగి బల్ల కిందకు చూసి నవ్వింది.

"ఇది నా పరీక్షల్లో లేదు," అంది ఇంద్రాణి. ఆ తర్వాత కాగితం నలిపింది, పాప చూసింది. చెవి దగ్గర గుసగుసగా పిలిచింది, చూసింది. చిన్న యంత్రం గొట్టం ఒక్కో చెవిలో పెట్టి రెండిటికీ పచ్చదీపం వెలిగేదాకా ఆగింది. "రెండు చెవులూ బాగున్నాయి. మీ పాపకు హారన్ అంటే మనకు గాలి లాంటిదండీ. పుట్టినప్పటి నుంచీ ఉంది కాబట్టి పట్టించుకోదు. మీరు గోల మధ్యలో నిలబడి గోల వినపడుతోందా అని చూశారు."

ఉపేంద్ర గంప ఎత్తుకుని బయటికొచ్చి, వసారాలో మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాగలక్ష్మి ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో అతని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. లేచాడు.

*

ఆ రాత్రి మాసా ఇంట్లో ఉండి మర్నాడు తిరుగు ప్రయాణమయ్యారు. బీజాపూర్‌లో భద్రమ్మ ఒక రోజు నిలవ ఉన్న తిట్లతో ఎదురొచ్చింది. సంగతంతా విన్నాక కోడిని రెండు చేతులా ఎత్తి, దాని మొహంలోకి చాలాసేపు చూసింది. "బిడ్డ చెవులు చూసిన డాక్టర్‌ను ఎట్ల కోస్తం రా?" అంది. కూతురింట్లో నూరిన మసాలా వంకాయల్లోకి పోయింది.

తర్లగూడలో ఉపేంద్ర ముందుగా చేసిన పని పలక దింపడం. దాన్ని తుడిచి, "నడిపేది" అన్న మాట పైన అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశాడు. దాని కింద ఒకే ఒక్క పేరు పట్టేంత చోటు వదిలాడు. రాజేశ్వరరావు, వికాస్ దూరం నుంచి చూసి దగ్గరికి రాలేదు.

శనివారం పొద్దున ఆ చోటులో ఉపేంద్ర పేరే ఉంది. జీపులో పది తలకాయలు, అన్నీ మనుషులవే. నాగలక్ష్మి పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఉప్పలయ్య మనవరాలి వైపు ఒకసారి చూసి, మునుపెన్నడూ లేనంత బలంగా రేకు మీద కొట్టాడు. దబ్, దబ్. టీ కొట్లో గ్లాసులు కదిలాయి. పక్కింటి మేక మళ్ళీ పారిపోయింది.

పాప బొటనవేలు చప్పరిస్తూనే ఉంది.

ఉపేంద్ర గేరు వేయబోయి ఆగి, నోటుబుక్కు తీసి, తేదీ వేసి రాశాడు. స్పందన లేదు. కింద గీత గీసి, ఈల వేసుకుంటూ బీజాపూర్ బయలుదేరాడు.